ఎర్ర మునియాను గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు పడి చెరువు గట్ల మీద రెల్లు ఎదిగిందంటే చాలు, పక్షుల మీద ఇష్టమున్నవాళ్లంతా ఎర్ర మునియా కోసం వెతుకులాట మొదలుపెడతారు. ఫొటోల్లో చూసి మురిసిపోయినవాళ్లు కూడా నిజంగా ఎదురుపడితే పోల్చుకోలేకపోతుంటారు. కారణం ఏమిటంటే, మనం చూసే ఫొటోలన్నీ వానాకాలపు మగపిట్టవే. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ పిట్ట ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడి జవాబుల్లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఎర్ర మునియా అంటే ఏ పిట్ట?

పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు పది గ్రాముల లోపు. పిచ్చుక పక్కన పెడితే ఇది బాగా చిన్నది. గడ్డి గింజలు తిని బతికే మన దేశపు పిట్ట. హైదరాబాద్‌లో పాతకాలం వాళ్లు లాల్ మునియా అంటారు. పాత తెలుగు పేర్లలో మునియాలన్నిటినీ కలిపి జీనువాయి అన్నారు. శాస్త్రీయ నామం అమండవ అమండవ. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరులో అహ్మదాబాద్ దాగి ఉంది. అప్పట్లో ఈ పిట్టలను పంజరాల్లో పెట్టి ఆ ఊరి నుంచి విదేశాలకు పంపేవారు.

ఇది ఫించ్ జాతిదేనా?

పెంపకందార్లు ఫించ్ అనే పిలుస్తారు. స్ట్రాబెర్రీ ఫించ్ అనే పేరు కూడా వాళ్ల నోట వచ్చిందే. శాస్త్రవేత్తలు మాత్రం అసలు ఫించ్‌లను ఫ్రింజిల్లిడే కుటుంబంలో, మునియాలను ఎస్ట్రిల్డిడే కుటుంబంలో పెడతారు. ఆస్ట్రేలియా జీబ్రా ఫించ్, గూల్డియన్ ఫించ్ కూడా ఈ రెండో కుటుంబానివే. చూసి గుర్తుపట్టడానికి ఈ తేడాతో పెద్ద పనేమీ లేదు.

వానాకాలంలో మగపిట్ట ఎలా ఉంటుంది?

తల, గొంతు, రొమ్ము, పక్కలు అన్నీ ముదురు ఎరుపు. ఆ ఎరుపు మీద, ముఖ్యంగా పక్కల్లోనూ రెక్కల మీదా, కుంకుమ మీద ముగ్గుపిండి చల్లినట్టు చిన్న చిన్న తెల్ల చుక్కలు. రెక్కలు గోధుమ నలుపు, తోక నలుపు, పొట్ట కింది భాగం నల్లగా ఉంటుంది. ముక్కు ఎరుపు. ముక్కుకీ కంటికీ మధ్య నల్లటి మరక ఉంటుంది. దగ్గరగా చూసే అవకాశం దొరికితే కంటి కింద సన్నటి తెల్ల గీత కూడా కనపడుతుంది.

ఈ రూపంలో ఉన్న మగపిట్టను పోల్చుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మన గడ్డి నేలల్లో ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న ఇంత చిన్న పిట్ట ఇంకొకటి లేదు.

ఆడపిట్టను ఎలా గుర్తుపట్టాలి?

ఆడది మెల్లగా చూసేవాళ్లకే దొరుకుతుంది. పై భాగం మట్టి గోధుమ రంగు, కింది భాగం లేత పసుపు కలిసిన బూడిద. రెక్కల మీద తెల్ల చుక్కలుంటాయి, అయితే కొన్నే. ఈ మామూలు ఒంటి మీద రెండు చోట్ల ఎరుపు ఉంటుంది. ఒకటి ముక్కు. రెండోది తోక మొదలు, అంటే వీపు పూర్తయి తోక మొదలయ్యే చోటు. గడ్డి పరక మీద కూర్చున్నప్పుడు రెక్కలు ముడుచుకుంటుంది కాబట్టి ఈ రెండోది సగం కప్పుకుపోతుంది. ఎగిరే క్షణంలో, లేదా వెనక్కి తిరిగి ఈకలు సవరించుకునేటప్పుడు ఎర్రగా మెరుస్తుంది. దాని కోసమే కాచుకుని కూర్చోవాలి. కంటి ముందు నల్ల మరక ఆడదానికీ ఉంటుంది.

చలికాలం పోయాక ఎర్ర పిట్టలు కనిపించవు. వలస వెళ్లిపోతాయా?

వెళ్లవు, అక్కడే ఉంటాయి. మగపిట్ట బట్టలు మార్చేసుకుంటుంది, అంతే. పిల్లల్ని పెంచే కాలం ముగిశాక మగది ఈకలు రాల్చి, ఇంచుమించు ఆడదాని రంగులోకి వచ్చేస్తుంది. గొంతు, రొమ్ము బూడిద గోధుమ రంగుకు మారతాయి. కొన్నిట్లో అక్కడక్కడా పాత ఎరుపు మిగిలి, మాసిన గుడ్డలా అతుకులు అతుకులుగా కనిపిస్తుంది. ఏటా ఇలా రంగు మార్చుకోవడం ఎస్ట్రిల్డిడే కుటుంబంలో చాలా అరుదు. చుక్కల మునియా, నల్లతల మునియా లాంటి దగ్గరి చుట్టాలు ఏడాది పొడవునా ఒకే రంగులో ఉంటాయి.

అంటే ఫిబ్రవరిలో మీరు చూసే గుంపులో సగం మగవే అయినా, ఒక్కటి కూడా ఎర్రగా ఉండకపోవచ్చు. అప్పుడు ఆడా మగా తేడా చెప్పడం కష్టం. ఫొటో పెట్టి ఏది ఆడది అని అడిగితే అనుభవమున్నవాళ్లు కూడా తేల్చలేరు. తేల్చకపోయినా ఫర్వాలేదు. జాతి ఏమిటో తెలిస్తే సరిపోతుంది, దానికి తోక మొదట్లోని ఎరుపు చాలు. మగకైనా ఆడకైనా, ఏ నెలలోనైనా అది పోదు.

ముక్కు సంగతి కాస్త వేరు. దాని రంగుకు ఒక వార్షిక లయ ఉంది. మే నెలలో ఎరుపెక్కడం మొదలై, నవంబరు, డిసెంబరు నాటికి బాగా ముదురుతుంది. ఏప్రిల్‌లో గబగబా నల్లబడిపోతుంది. మళ్లీ మే నుంచి ఎరుపు. పగటి వేళ పొడవు పెరగడం, తగ్గడంతో ఈ మార్పు ముడిపడి ఉంది. కాబట్టి ఏప్రిల్‌లో నల్ల ముక్కుతో, చప్పిడి ఒంటితో కనిపించిన పిట్టను “ఎర్ర ముక్కు లేదు కదా” అని కొట్టిపారేయకండి. తోక మొదలు చూడండి. ఈ పేజీలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే అదే గుర్తుంచుకోండి.

పిల్లలు ఎలా ఉంటాయి?

గూడు వదిలిన కొత్తలో ముక్కు నల్లగా ఉంటుంది, తోక మొదట్లో ఎరుపు ఉండదు. మట్టి రంగు ఒంటి మీద, రెక్కకు అడ్డంగా రెండు లేత రంగు పట్టీలు ఉంటాయి. ఆ పట్టీలే ఆధారం. చుక్కల మునియా పిల్లలు కూడా గోధుమ రంగులోనే ఉంటాయి, వాటికి ఈ పట్టీలు ఉండవు. పెద్ద పిట్టలు పక్కన ఉంటే సందేహం ఇంకా తొందరగా తీరుతుంది.

వేరే ఏ పిట్టలను చూసి పొరబడే అవకాశం ఉంది?

ఎక్కువగా మిగతా మునియాలతోనే. అన్నీ ఒకే గడ్డిలో, ఒక్కోసారి ఒకే గుంపులో తిరుగుతాయి.

చుక్కల మునియాకు ముఖం, గొంతు ముదురు గోధుమ రంగులో ఉంటాయి. తెల్లటి పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గుర్తులుంటాయి, ముక్కు నల్లన. ఊళ్లలో తోటల్లో, పెరళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. తెల్ల గొంతు మునియా బాగా లేత రంగుది. తోక నల్లగా, మొనదేలి పొడుగ్గా ఉంటుంది, ముక్కు వెండి బూడిద రంగులో లావుగా ఉంటుంది, తోక మొదలు తెలుపు. పొడి నేలల్లో, తుమ్మ చెట్ల మధ్య గుంపులుగా కనిపిస్తుంది. చప్పిడి రంగులో ఉన్న ఎర్ర మునియాను చాలామంది ఇదే అనుకుంటారు. తోక మొదలు తెలుపా, ఎరుపా అని చూస్తే గొడవ తీరిపోతుంది. నల్లతల మునియాకు తల నల్లగా, వీపు ఇటుక రంగులో, పొట్ట తెల్లగా ఉండి, ఆ తెలుపు మధ్యలో నల్ల మచ్చ ఉంటుంది. దాన్ని పొరబడడానికి వీల్లేదు.

చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే రోజ్‌ఫించ్ మగపిట్ట ఎర్రటి తలతో, ఎర్రటి రొమ్ముతో కొత్తవాళ్లను తికమక పెడుతుంది. అది పిచ్చుకంత ఉంటుంది. ఒంటి మీద ఒక్క చుక్క కూడా ఉండదు, ముక్కు గోధుమ రంగులో మొద్దుగా ఉంటుంది. పైగా అది పొదల్లో, చెట్ల మీద తిరిగేది. ఇక తేనెపిట్టల ముక్కు సన్నగా వంకీ తిరిగి ఉంటుంది కాబట్టి ఎంత రంగులున్నా వాటితో సమస్య లేదు.

దూరం నుంచి, ఎగిరే తీరును బట్టి చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. గుంపు పెద్దగా ఉండదు. పది, ఇరవై, ఎక్కువైతే ముప్పై. రెక్కలు చాలా వేగంగా కొట్టుకుంటూ గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి, ఒక్కసారిగా గడ్డిలోకి దిగి మాయమవుతాయి. ఎగిరేటప్పుడు సన్నగా, పొట్టిగా ఒక కూత వేస్తాయి. దగ్గరగా వింటే “ప్సెప్” అన్నట్టు ఉంటుంది. ఆ కూత చెవిన పడ్డాక పైకి చూడడం కంటే గడ్డి కొసల్ని గమనించడం మంచిది.

ఒకే పరక మీద రెండు మూడు పిట్టలు ఒంటికి ఒళ్లు ఆనించుకుని కూర్చోవడం వీటి అలవాటు. ఒకటి తల ఈకలు ఉబ్బించి మెడ వంచుతుంది, పక్కది ఆ ఈకలను ముక్కుతో దువ్వుతుంది. అది ముగిశాక వంతు మారుతుంది. ఓపికగా కూర్చున్నవాళ్లకు దొరికే దృశ్యాల్లో ఇంతకంటే ముద్దొచ్చేది నాకు తెలియదు.

ఎక్కడ వెతకాలి?

నీళ్లకు దగ్గర్లో, గింజ పట్టిన పొడవాటి గడ్డిలో. రెల్లు, జమ్ము, తుంగ పెరిగిన చెరువు అంచులు, కాలవ గట్లు, చెరుకు తోటల పక్కలు, వరి పొలాల మధ్య వదిలేసిన మడులు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అంచుల్లోని గడ్డి నేలలు, అమీన్‌పూర్ చెరువు, సంగారెడ్డి వైపు మంజీరా తీరం చూడదగ్గవి. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనైతే ప్రత్యేకించి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మీ ఊరి మురుగు కాలవ గట్టు మీద జమ్ము ఉంటే చాలు.

దట్టమైన అడవిలో వెతికి లాభం లేదు. ఎత్తయిన చెట్ల మీదా ఉండవు. మనం పిచ్చిగడ్డి అని పేరు పెట్టి పట్టించుకోని జాగానే వీటి ఇల్లు.

ఏ నెలలు, ఏ వేళ మంచివి?

ఎర్రటి మగపిట్ట కావాలంటే జులై చివరి నుంచి డిసెంబరు దాకా. వానలు ఎప్పుడు పడ్డాయి, గడ్డి ఎప్పుడు గింజ పట్టింది అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. పొద్దున్నే ఎండెక్కక ముందు, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు చురుగ్గా ఉంటాయి. గాలి గట్టిగా వీచే రోజున పరకల మీద నిలవలేక గడ్డి అడుగునే ఉండిపోతాయి, మీకు కనిపించవు.

ఏం తింటాయి? పంటకు నష్టమా?

ప్రధానంగా గడ్డి గింజలు. ఊద, గరిక లాంటి వాటి చిన్న గింజలు వీటికి సరిగ్గా సరిపోతాయి. పరక మీద వాలి, బరువుకు అది వంగితే కంకిని కాలితో పట్టుకుని గింజ ఒలుచుకుంటాయి. ఉసుళ్లు లేచిన రోజున పురుగులు కూడా తింటాయి. ఇంత చిన్న పిట్టలు, ఇంత చిన్న గుంపులు. పంటకు బెడద అనదగ్గవి కావు.

గూడు ఎలా ఉంటుంది?

గడ్డి పోచలతో అల్లిన గుండ్రటి బంతి, పక్కనుంచి దారి. నేలకు దగ్గరగా, గడ్డి దుబ్బులోనో చిన్న పొదలోనో ఉంటుంది. లోపల మెత్తగా ఈకలు పరుస్తాయి. తెల్లటి గుడ్లు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు. తల్లీ తండ్రీ ఇద్దరూ పొదుగుతాయి. మగది గడ్డిపోచనో ఈకనో ముక్కున కరుచుకుని, ఆడదాని ముందు వంగుతూ లేస్తూ పాడడం ఈ రోజుల్లోనే చూస్తాం.

గూడు ఎక్కడుందో తెలిసినా దగ్గరకు వెళ్లకండి. నేలకు ఇంత దగ్గరగా ఉన్న గూటికి మీరు తొక్కిన దారే కుక్కలకూ పిల్లులకూ బాట అవుతుంది. ఫొటో కోసం అడ్డొచ్చిన పరకలు విరిచేవాళ్లను చూస్తే కడుపు మండిపోతుంది. ఆ పరకలే ఎండ నుంచీ, కాకి కంటి నుంచీ గూటిని కాస్తున్నవి.

ఫొటో తీయడానికి సలహా?

పిట్ట వెంట పడకండి. గింజ పట్టిన గడ్డి చూసుకుని, ఎండ మీ వెనక ఉండేలా, కాస్త దూరంలో కూర్చోండి. గుంపు తిరిగి అదే గడ్డికి వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవొద్దు. గుర్తుపట్టడం కోసమైతే ముందు నుంచి తీసిన అందమైన ఫొటో కంటే, వీపూ తోకా కనిపించే మామూలు ఫొటో ఎక్కువ పనికొస్తుంది.

ఎర్ర మునియాను ఇంట్లో పెంచుకోవచ్చా?

లేదు, చట్టం ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షణ ఉన్న పిట్ట. 1990-91 నుంచి మన దేశపు అడవి పిట్టలను పట్టడం, అమ్మడం, కొనడం పూర్తిగా నిషేధం. దొరికితే జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

చట్టం అలా ఉంచి, పిట్ట వైపు నుంచి చూడండి. వలల్లో పట్టి, చిన్న బుట్టల్లో పదులకొద్దీ కుక్కి తరలిస్తారు. దారిలోనే చాలా చనిపోతాయి. బతికి పంజరం చేరినవాటికి సరైన తిండీ వెలుతురూ లేకపోతే రంగు చెడి ఒళ్లంతా నల్లబడుతుంది. పంజరంలోని ఎర్ర మునియాల్లో ఈ నలుపు పెంపకందార్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఏ అందం కోసం కొన్నారో అది కొన్న చేతుల్లోనే పోతుంది.

ఫించ్‌లు పెంచాలనే కోరిక ఉంటే జీబ్రా ఫించ్ ఉంది. అది ఆస్ట్రేలియా జాతి, పంజరాల్లోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్నది. అడవి నుంచి పట్టుకొచ్చింది కాదు.

బజారులో ఆకుపచ్చ, గులాబీ, పసుపు రంగుల బుల్లి పిట్టలు అమ్ముతున్నారు. అవి ఏ జాతి?

దాదాపుగా రంగు వేసిన మునియాలే. చుక్కల మునియాకో, తెల్ల గొంతు మునియాకో రంగు పులిమి విదేశీ పిట్టలని చెప్పి అమ్ముతారు. కనిపెట్టడం కష్టం కాదు. రంగు ఈక కొసల్లో చిక్కగా, మొదళ్లలో లేతగా ఉంటుంది. కళ్ల చుట్టూ, కాళ్ల మీద, ముక్కు అంచున మరకలు అంటుకుని ఉంటాయి. బుట్టలోని పిట్టలన్నీ ఒకే ఒక్క రంగులో, ఏ చుక్కా ఏ పట్టీ లేకుండా ఉంటాయి. సహజమైన రంగుకు ఎప్పుడూ హద్దులు, నమూనాలు ఉంటాయి. ముక్కు మొద్దుగా మూడు కోణాలతో ఉంటే మునియానే అనుకోండి.

జాలిపడి కొని వదిలేద్దామనుకుంటారు కొందరు. మీరిచ్చే డబ్బు రేపు ఇంకో వల వేయిస్తుంది. కొనకుండా అటవీ శాఖకు చెప్పండి. మీ చేతికి అలాంటి పిట్ట ఎలాగో వచ్చిందనుకోండి, రంగు కడగాలని సబ్బు నీళ్లలో ముంచొద్దు. చలికి, బెదురుకి చనిపోతుంది. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా, వెచ్చగా ఉంచి అటవీ శాఖకో పక్షుల సంరక్షణ కేంద్రానికో అప్పగించండి. వేసిన రంగు ఈకలు మారినప్పుడు దానంతటదే పోతుంది.

ఆకుపచ్చ మునియా అని నిజంగా ఒకటి ఉందంటారు?

ఉంది, ఎర్ర మునియాకు స్వయానా దగ్గరి చుట్టం. పై భాగం ఆకుపచ్చ, కింద పసుపు, పక్కల్లో నలుపు తెలుపు అడ్డగీతలు, ముక్కు ఎరుపు. మన దేశంలో తప్ప ఇంకెక్కడా సహజంగా లేదు. రాజస్థాన్‌లోని మౌంట్ అబూ దాన్ని చూడడానికి పేరున్న చోటు. పంజరాల వ్యాపారం దాన్ని బాగా దెబ్బతీసింది. ప్రపంచ స్థాయిలో ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. బజారు ఆకుపచ్చ పిట్టకు పక్కల్లో గీతలు లేకపోతే అది ఇది కాదు.

ఎర్ర మునియా వేరే దేశాల్లో ఉందా?

పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్ మీదుగా ఇండోనేషియా దీవుల దాకా సహజంగానే ఉంది. పంజరాల నుంచి తప్పించుకుని స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, ఈజిప్ట్, హవాయి, ఫిజీల్లోనూ స్థిరపడింది. స్పెయిన్‌లో 1970ల నుంచీ ఉంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరుకు తోటలకు వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు అక్కడి గడ్డి గట్ల మీద చూసే ఎర్రటి చిన్న పిట్ట ఇదే.

అంతరించిపోయే ప్రమాదం ఉందా?

జాతి మొత్తంగా చూస్తే లేదు. ప్రపంచ జాబితాలో ఆందోళన తక్కువున్న కోవలోనే పెట్టారు. కానీ జాతి బతికి ఉండడం వేరు, మీ ఊళ్లో కనబడడం వేరు. చెరువు సుందరీకరణ పేరుతో గట్టుకు రాయి పరిచి, జమ్ము పీకి, కత్తిరించిన పచ్చిక వేశారంటే గింజ ఉండదు, గూటికి చోటు ఉండదు. ఆ పచ్చిక ఎంత పచ్చగా ఉన్నా మునియాకు ఆకలి తీర్చదు. కలుపు మందులు కొట్టిన గట్లదీ, చలికాలం చివర నిప్పు పెట్టే గడ్డి బీళ్లదీ ఇదే కథ. రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న నేల ఎన్ని ప్రాణులకు ఆధారమో లెక్కేసే గడి ఆ రికార్డుల్లో లేదు.

మా ఊరి చెరువు దగ్గర మేం ఏం చేయొచ్చు?

గట్టు పని మొదలయ్యే ముందే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అడగండి. నడక దారి ఒక వైపు వేసి, రెండో వైపు రెల్లు, జమ్ము అలాగే వదిలేయమనండి. మొత్తం ఒకేసారి కొయ్యకుండా విడతలుగా కొయ్యమనండి, అదీ గింజ రాలి, పిల్లలు ఎగిరిపోయాక. అలా అడిగేటప్పుడు మీ దగ్గర లెక్కలుంటే మాటకు బరువు పెరుగుతుంది. అందుకే చూసిన ప్రతిసారీ ఈబర్డ్‌లో, అంటే ఎవరైనా తాము చూసిన పక్షుల వివరాలు రాయగలిగే వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. తేదీ, చోటు, ఎన్ని పిట్టలు అన్నవి ఎలాగూ రాస్తారు. వాటితో పాటు ఎర్ర మగవి ఎన్ని, చప్పిడి రంగువి ఎన్ని, ముక్కు ఎరుపా నలుపా, రెక్క మీద పట్టీలున్న పిల్లలు ఉన్నాయా, ఏ గడ్డి మీద తింటున్నాయి అన్నవి కూడా వివరాల గడిలో రాయండి. పిల్లలు కనిపించిన చెరువంటే అక్కడే గూళ్లు ఉన్నట్టు లెక్క, గట్టు కాపాడమని అడగడానికి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.